వృద్ధాశ్రమంలో అమ్మను సరిగా చూడటం లేదని అనుమానమా? గొడవకు ముందు ఇవి చేయండి

అమ్మనో నాన్ననో శ్రీకాకుళం వైపు వృద్ధాశ్రమంలో ఉంచి హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉద్యోగం చేసుకునే పిల్లలు నాకు ఫోన్ చేసేది గొడవ అయిపోయాకే. చేతి మీద కమిలిన మచ్చ చూశారు, మేనేజరు మీద కేకలేశారు, రాత్రి రైలెక్కేశారు. అమ్మ మాత్రం అదే మంచం మీద, అదే ఆయా చేతిలో మిగిలిపోయింది.

మనిషి స్పృహలో లేకపోయినా, నెత్తురు కారుతున్నా ఇది చదవకండి. 108కి చేయండి. ఇంకా కొడుతున్నారంటే 112.

అంత అత్యవసరం కాకపోతే ఓ నోటుపుస్తకం, ఫోను, ఆమెకిష్టమైన చోడి అంబలో మెత్తటి అన్నమో పట్టుకుని చెప్పకుండా వెళ్ళండి. ఆదివారం వద్దు. ఆ రోజు దుప్పట్లన్నీ ఉతికే ఉంటాయి. మామూలు రోజు మధ్యాహ్నం, అన్నం పెట్టే వేళకే వెళ్ళాలి.

మణికట్లు, జబ్బల లోపలి వైపు, మడమలు, నడుము కింద ఎముక చూడండి. మంచం పట్టినవాళ్ళను రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడేది మడమల దగ్గర, నడుము కిందే. నాలుక ఎండిందా, డైపరు ఎప్పటిది, కళ్ళజోడు ఉందా? రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళకు చిన్న తాకిడికే కమిలిపోతుంది కాబట్టి మచ్చ కనబడగానే కొట్టారని తేల్చేయకండి. ఫొటో తీసి, తారీఖు రాసుకోండి.

ఇక మాట్లాడటం. పని చెడేది ఇక్కడే. ఆయా గుమ్మంలో నిలబడి ఉండగా "అమ్మా, ఎవరైనా కొట్టారా?" అని అడుగుతారు. "ఏటీ లేదే, బాత్రూములో పడిపోనాను" అంటుంది. మీరు వెళ్ళాక మంచినీళ్ళు ఇచ్చేది ఆ ఆయానే అని ఆమెకు తెలుసు. పిల్లలకు బరువవుతానన్న బెంగ ఇంకొకటి. మా పిన్నిని మొదటి రోజు నేనూ అలాగే అడిగాను. మూడో రోజు, చెరువు గట్టు మీద కూర్చున్నాక గానీ నోరు విప్పలేదు.

కాబట్టి బయటికి తీసుకెళ్ళండి, గుడికైనా సరే, చెట్టు కిందికైనా సరే. తినిపించండి. ఆ తర్వాత, రోజులు ఎలా గడుస్తున్నాయో అడగండి: నిన్న రాత్రి ఏం పెట్టారు, రాత్రి లేవాల్సొస్తే ఎవరిని పిలుస్తావు, పిలిస్తే వస్తారా? పేర్లు మీరు అందించొద్దు. "ఆ లావుపాటామేనా?" అంటే అవునంటుంది, రేపు పోలీసుల ముందు ఆ మాట నిలవదు. "జబ్బ నొక్కేసింది" అంటే ఆ మాటే రాయండి, "చేయి మెలితిప్పారు" అని మార్చకండి. "ఎవరికీ చెప్పనులే" అని మాటివ్వకండి, మీరు చెప్పి తీరాలి.

మతిమరుపు ఉందని ఆమె మాటను కొట్టిపారేయొద్దు. తారీఖులు తప్పు చెప్పొచ్చు. కానీ ఫలానా మనిషి లోపలికి రాగానే చేతులు దగ్గరకు ముడుచుకుంటుంటే అదీ రాసుకోవాల్సిందే.

ముఖానికి కెమెరా పెట్టి ఏడిపించి, ఆ వీడియోను వాట్సాప్‌లో తిప్పేవాళ్ళను చూస్తే నాకు కడుపు మండుతుంది. ఒంటి మీద బట్ట సరిగా లేని తల్లిని ఊరందరికీ చూపిస్తారా? పైగా ఆశ్రమం వాళ్ళు జాగ్రత్తపడి, సాయంత్రానికి రిజిస్టరు తిరగరాసుకుంటారు.

ఫిర్యాదుకు ముందే మందుల చీటీలు, కట్టిన డబ్బు రశీదులు చేతికి తీసుకోండి. ఆమెను మార్చే చోటు కూడా చూసి ఉంచుకోండి. గాయముంటే ప్రభుత్వాసుపత్రిలోనే చూపించి, మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేయాల్సిన గాయంగా) రాయమనండి. తర్వాత పోలీస్ స్టేషను. మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషనులోనైనా రాసుకునే ఎఫ్ఐఆర్) అడగండి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. చాలామంది ఆర్డీఓ దగ్గరికి పరిగెడతారు. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం చేసిన 2007 చట్టం కింద అక్కడుండే ట్రిబ్యునల్ ముఖ్యంగా పిల్లల నుంచి పోషణ ఖర్చు ఇప్పించేది, ఆయా కొట్టిన కేసు పోలీసులదే. ఎటూ తోచకపోతే వృద్ధుల సహాయ నంబరు 14567 ఎల్డర్‌లైన్‌కు ఉదయం 8 నుంచి రాత్రి 8 లోపు చేయండి. ఉచిత వకీలు కోసం 15100. తిండి సరిగా పెట్టకపోవడం, శుభ్రత లేకపోవడం లాంటివి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీగా ఇచ్చి, రశీదు తీసుకోండి.

ఫిర్యాదు ఇచ్చిన రాత్రి ఆమెను ఆ గదిలో ఒంటరిగా వదలొద్దు. ఇంకా మార్చలేకపోతే మీలో ఒకరు ఆమె మంచం పక్కన చాప వేసుకుని పడుకోండి.