పాత స్ప్లెండర్‌లో పికప్ తగ్గితే ఎక్కడి నుంచి వెతకాలి

కార్బొరేటర్‌తో నడిచే పాత హీరో హోండా స్ప్లెండర్‌ది 97.2 సీసీ ఇంజిన్ కాబట్టి దాని నుంచి మెరుపు పికప్‌ను ఎవరూ ఆశించరు. అయితే మొన్నటి వరకు ఇద్దరిని ఎక్కించుకుని మూడో గేరులో ఫ్లైఓవర్ ఎక్కిన బండి ఇప్పుడు రెండో గేరుకు దిగితే తప్ప కదలడం లేదంటే కారణం ఉండి తీరుతుంది. ఇంజిన్ విప్పాలన్న మాటకు మాత్రం వెంటనే తల ఊపకండి. అది ఆఖరున తీసుకోవలసిన నిర్ణయం.

ముందుగా బండిని సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. అది తేలిగ్గా నాలుగైదు చుట్లు తిరగకుండా ఆగిపోతే బ్రేకు పట్టేసి ఉండవచ్చు, లేదా చైన్ మరీ బిగుతుగా ఉండవచ్చు. ముందు చక్రాన్నీ ఇలాగే చూసి, టైర్లలో గాలి సరిచేసుకోండి.

తర్వాత కాస్త ఎగువకు ఎక్కే ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పండి. ఇంజిన్ మోత పెరుగుతున్నా వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. క్లచ్ ప్లేట్లు మార్చే ముందు క్లచ్ లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట, అంటే క్లచ్ పనిచేయడం మొదలయ్యే ముందు లివర్ వదులుగా కదిలే దూరం, ఉందో లేదో చూడండి. ఆట లేకపోతే క్లచ్ ఎప్పుడూ కొంత నొక్కినట్టే ఉండి జారుతుంది, కేబుల్ సరిచేస్తే చాలు. ఈ బండిలో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది కనుక, కార్లకు వాడే ఆయిల్ పోసినా జారవచ్చు; డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్న ఆయిలే వాడండి.

మోత కూడా పెరగకుండా ఇంజిన్ ముక్కుతూ ఉంటే గాలి, పెట్రోలు, నిప్పురవ్వ అనే మూడింటినీ వరుసగా చూడాలి. ఎయిర్ ఫిల్టర్ స్పాంజి రకమైతే శుభ్రం చేసి వాడుకోవచ్చు, కాగితం రకమైతే మార్చడమే మేలు. స్పార్క్ ప్లగ్ విప్పి మొనను చూడండి: లేత ఇటుక రంగు ఆరోగ్యం, పొడి మసి పెట్రోలు ఎక్కువవుతోందనడానికి గుర్తు, తెల్లగా పాలిపోతే పెట్రోలు చాలడం లేదు. మసి కనిపిస్తే కార్బొరేటర్‌ను నిందించే ముందు చోక్ (చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయడానికి గాలిని తగ్గించే మీట) సగంలో ఆగిపోయిందేమో చూడండి. ప్లగ్ గ్యాప్, అంటే నిప్పురవ్వ దూకే సందు, 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి.

పెట్రోలు విషయంలో చాలామంది కళ్లుగప్పేది ట్యాంకు మూతలోని సన్నని గాలి రంధ్రం. అది దుమ్ముతో పూడుకుపోతే బండి కొన్ని కిలోమీటర్లు బాగానే నడిచి, ఆపై గుక్క తిప్పుకోలేనట్టు అవుతుంది, కాసేపు ఆపితే మళ్లీ మామూలవుతుంది. అలా మొరాయించిన క్షణంలోనే మూత తీస్తే 'స్స్' అని గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వినిపిస్తుంది. రోగం అక్కడే తేలిపోతుంది. అది కాకపోతే ఇంజిన్ చల్లారాక, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, కార్బొరేటర్ అడుగు స్క్రూ వదులు చేసి సీసాలోకి పెట్రోలు దించండి. అడుగున నీటి బొట్లు, తుప్పు నలుసులు చేరితే ట్యాంకు కడగనిదే కార్బొరేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాలైన జెట్లు ఎన్నిసార్లు ఊదినా లాభం లేదు. పెట్రోలులో ఇథనాల్ కలుస్తున్న ఈ రోజుల్లో, వాడకుండా నిలబెట్టిన బండ్లకు ఈ నీటి బెడద ఎక్కువ.

ఇవన్నీ సరిగ్గా ఉంటే, చల్లటి ఇంజిన్ మీద ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నని సందు, మెకానిక్‌కు చూపించండి. అవి మరీ బిగుతైతే వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ (సిలిండర్ లోపల పిస్టన్ నొక్కడం వల్ల వచ్చే ఒత్తిడి) కారిపోతుంది. అప్పటికీ పికప్ రాక, సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తూ ఆయిల్ తగ్గుతుంటే కంప్రెషన్ గేజీ పెట్టించండి. ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోశాక రీడింగ్ బాగా పెరిగితే లోపం పిస్టన్ రింగుల్లోనో బోరులోనో (పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి గోడ) ఉంది; పెరగకపోతే వాల్వుల్ని అనుమానించాలి.