రెండో షేవ్‌కే బ్లేడు పీకుతోందా?

సేఫ్టీ రేజర్‌లో కొత్త బ్లేడు రెండు మూడు షేవ్‌లకే గడ్డాన్ని పీకుతుంటే, ముందు రేజర్ విప్పి చూడండి. బ్లేడుకీ పైమూతకీ మధ్య సబ్బు, వెంట్రుకలు కలిసి తెల్లటి ముద్దలా పేరుకుని ఉంటాయి. దాంట్లో తడి గంటల తరబడి నిలుస్తుంది. స్టెయిన్‌లెస్ అయినా సరే, ఆ పలచని అంచుకి ఈ తడి మంచిది కాదు. కార్బన్ స్టీల్ బ్లేడైతే తెల్లారేసరికి తుప్పు మరకలే.

నాకు పనిచేసిన పద్ధతి ఇది. షేవ్ అయ్యాక పిడిని అర చుట్టు వదులు చేసి, కుళాయి ధార కింద రేజర్‌ను అటూ ఇటూ తిప్పాలి. సబ్బు పోయాక నీళ్లు విదిలించి, తలభాగాన్ని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పది సెకన్లు ముంచి ఆరబెట్టాలి. ఆల్కహాల్ మిగిలిన నీటిని కలుపుకుని త్వరగా ఆవిరైపోతుంది. మళ్లీ షేవ్‌కి ముందు పిడి బిగించడం మరవొద్దు, వదులు బ్లేడు కోసేస్తుంది.

తువ్వాలుతో అంచు తుడవడం మాత్రం వద్దే వద్దు. పదును పోతుంది, వేలూ తెగుతుంది. బ్లేడు తీసేటప్పుడు పొట్టి వైపులే పట్టుకోవాలి.

నీళ్లలో సున్నం ఎక్కువైతే రేజర్ మీద తెల్లమచ్చలు పడతాయి. బ్లేడు తీసేసి, వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి, అందులో రేజర్‌ను ఐదు నిమిషాలు ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. జింక్ మీద పూత వేసిన రేజర్‌ను రాత్రంతా నానబెడితే, పూత లేచిన చోట కింది లోహాన్ని వెనిగర్ తినేస్తుంది.

ఇంత చేసినా ఐదారు షేవ్‌ల తర్వాత బ్లేడు మార్చాల్సిందే. పాతవి మూతకు సన్నటి గాడి పెట్టిన రేకు డబ్బాలో వేయండి.