ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకుంటే నిప్పు దగ్గర జాగ్రత్తలు

ఆస్పత్రి నుంచి మనిషితో పాటు సిలిండరో, కాన్సెంట్రేటరో (గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే కరెంటు మెషిన్) ఇంటికొస్తే అందరికీ ఒకటే టెన్షన్, అది పేలుతుందేమోనని. నన్నడిగితే సిలిండర్ కన్నా ముందు మంచం వైపు చూడాలి.

ఆక్సిజన్ తనంతట తాను మండదు, పక్కనున్నవాటిని మండిస్తుంది. మామూలు గాలిలో అది 21 శాతం ఉంటుంది. అంతకు మించి కాస్త పెరిగినా, మెల్లగా కాలాల్సిన బట్ట భగ్గుమంటుంది. రంగూ వాసనా ఉండవు కాబట్టి ఎక్కడ చేరిందో కనిపెట్టలేం.

బాత్రూమ్‌కి వెళ్లాలని ముక్కులోని గొట్టం తీసి దిండు మీద పడేసి లేస్తారు. రెండు నిమిషాలేగా అని మెషిన్ ఆపరు. ఈలోగా ఆక్సిజన్ దుప్పటి మడతల్లోకి, దిండులోని దూదిలోకి చేరిపోతూ ఉంటుంది. తర్వాత అక్కడ ఎవరైనా అగ్గిపుల్ల గీస్తే చాలు. అందుకే గొట్టం తీస్తే మెషిన్ ఆపేయాల్సిందే. ఆపాక కూడా బట్టల్లో, జుట్టులో, గడ్డంలో ఆక్సిజన్ కాసేపు నిలుస్తుంది. కనీసం 20 నిమిషాలు గాలి తగిలే చోట ఉన్నాకే పొయ్యి దగ్గరికి వెళ్లాలి.

సిగరెట్ విషయంలో మొహమాటం వద్దు. రోగి సరే, చూడ్డానికి వచ్చిన చుట్టాలు కూడా ఆ ఇంట్లో వెలిగించకూడదు. గొట్టం ముక్కులో ఉండగా సిగరెట్ ముట్టిస్తే ముందు కాలేది ముఖమే. ఈ-సిగరెట్ కూడా అంతే, దాన్ని ఆ మంచం పక్కన ఛార్జింగ్ కూడా పెట్టొద్దు. గ్యాస్ స్టవ్, కొవ్వొత్తి లాంటి మంటలకు 3 మీటర్ల దూరం పాటించండి.

ముక్కు ఎండిపోయి మండుతోందని పెట్రోలియం జెల్లీ రాస్తుంటారు. అది నూనె సరుకు, వద్దు. నీటితో చేసిన జెల్ ఏది వాడాలో డాక్టర్‌ని అడగండి. శానిటైజర్ రాసుకుంటే చేతులు పూర్తిగా ఆరాకే గొట్టం ముట్టుకోండి.

సిలిండర్ వాల్వ్‌కి నూనె, గ్రీజు తగలనివ్వకండి. బిగుసుకుపోయిందని రెండు చుక్కలు వేసే అలవాటు ఇక్కడ ప్రమాదం. వాల్వ్ మెల్లగా తిప్పాలి. ఒక్కసారిగా తెరిస్తే గ్యాస్ రెగ్యులేటర్‌లోకి దూసుకొచ్చి నొక్కుకుపోయి వేడెక్కుతుంది, లోపల జిడ్డుంటే అంటుకుంటుంది. సిలిండర్‌ని నిలబెట్టి, పడకుండా స్టాండ్‌కో గోడకో కట్టండి. అలమరాలో దాచొద్దు.

కాన్సెంట్రేటర్ ప్లగ్ నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు. కర్టెన్లకు దూరంగా, చుట్టూ గాలి ఆడేలా ఉంచండి.

ఒకవేళ మంట లేస్తే, చేతికందేంతలో ఉంటేనే ఆక్సిజన్ ఆపండి. లేదంటే దాని జోలికి పోకుండా మనిషిని బయటికి తీసుకురండి. ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేసినప్పుడు ఇంట్లో ఆక్సిజన్ ఉందని, ఏ గదిలో ఉందో ముందే చెప్పండి.