గెలాక్సీలో నక్షత్రాలు పుట్టే చోటు పట్టుకోవడం ఎలా?

ముందు ఫోన్‌లో ఎం51 గెలాక్సీకి హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ తీసిన ఫోటో తెరిచి బాగా జూమ్ చేయండి. నడుమ ఉన్న పసుపు వెలుగును వదిలేయండి, అక్కడ ఎక్కువగా ముసలి నక్షత్రాలే. చుట్టూ మెలితిరిగిన చేతుల్లో ఏదో ఒకదాని లోపలి అంచు వెంబడి పోతే నల్లటి చారలు కనబడతాయి. ధూళి కలిసిన హైడ్రోజన్ అది, దట్టమైన చోట్ల మైనస్ 260 డిగ్రీల చలి. వేడి వాయువు విచ్చుకుపోతుంది, ఇంత చల్లబడ్డదే తన బరువుకు తానే లోపలికి కుంగుతుంది, కుంగి కుంగి నడుమ వేడి కోటి డిగ్రీలకు చేరితే హైడ్రోజన్ హీలియంగా మారడం మొదలవుతుంది. ఇక అది నక్షత్రమే. చార పక్కనే గులాబీ చుక్కలు, కొత్త నక్షత్రాల ధాటికి వెలిగే వాయువు. వాటిని దాటితే నీలం, పెద్ద కుర్ర నక్షత్రాల వెలుగు. నలుపు, గులాబీ, నీలం, ఈ వరుస పట్టుకుంటే సగం పని అయినట్టే.

ఆ చేతులు గట్టి వస్తువులేమీ కావు. సంక్రాంతికి హైవే టోల్‌గేటు దగ్గర బండ్లు మారిపోతుంటాయి, రద్దీ మాత్రం అక్కడే ఉంటుంది చూడండి, చేతుల్లో వాయువూ నక్షత్రాలూ అలాగే వచ్చిపోతుంటాయన్నమాట. పెద్ద నీలి నక్షత్రాలు కొన్ని పదుల లక్షల ఏళ్ళే బతుకుతాయి, ఆ రద్దీ దాటేలోపే వాటి పని అయిపోతుంది.

ఇప్పుడు మన పాలపుంతలోనే చూద్దాం. తుఫాన్ల కాలం పోయాక, ఫిబ్రవరిలో అమావాస్య దగ్గర చూసుకుని రాత్రి 9కి కొత్తపట్నం బీచ్‌కో మైపాడుకో వెళ్ళండి. రొయ్యల గుంటల లైట్లు కంట్లో పడని చోటు వెతుక్కోవాలి, అదే పెద్ద తలనొప్పి. సముద్రానికి దూరంగా ఉన్న ఉదయగిరి వైపు వాళ్ళకి ఆ బాధ లేదు. ఫోన్ జేబులో పెట్టేసి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఇరవై నిమిషాలు ఆగండి. దక్షిణాన బాగా ఎత్తులో వరుసగా మూడు చుక్కలు, వాటి కింద వేలాడే చిన్న వరుసలో నడిమిది మసకగా ఉంటుంది. అదే ఒరాయన్ నెబ్యులా, అంటే నక్షత్రాలు పుట్టే వాయువు మబ్బు, దాదాపు 1,350 కాంతి సంవత్సరాల దూరం. 10x50 బైనాక్యులర్ చాలు. గులాబీ రంగు మాత్రం ఆశించకండి, కంటికి బూడిద రంగు మబ్బే. చిన్న టెలిస్కోప్ దొరికితే ఆ మబ్బును వెలిగిస్తున్న నాలుగు కుర్ర నక్షత్రాలు విడివిడిగా తెలుస్తాయి.

అక్కడి నుంచి వాయవ్యానికి తిరిగితే కృత్తికలు, మన ఊళ్ళల్లో పిల్లలకోడి అనేది, ఒకే మబ్బులో పుట్టిన నక్షత్రాల గుంపు. వయసు పది కోట్ల ఏళ్ళు, ఆ మబ్బు ఎప్పుడో చెదిరిపోయింది. వీటికి అమావాస్య దాకా ఆగక్కర్లేదు, కొంచెం వెన్నెలున్నా కనబడతాయి.