తోటలో మాక్రో ఫొటోగ్రఫీ – 3వ పాఠం: ఒక్క మిల్లీమీటరు

పోయిన పాఠంలో మందారం పువ్వు మధ్యలో పొడుచుకొచ్చే కేసరాల కాడను 1:1లో, అంటే సెన్సర్ మీద అసలు సైజులోనే పడేలా, తీయమన్నాను. తీసినవాళ్లు ఈపాటికి తిట్టుకునే ఉంటారు. నాలుగు పుప్పొడి గింజలు ముత్యాల్లా వచ్చి, మిగతాదంతా మసక. లెన్సును అనుమానించకండి, దాని తప్పేం లేదు.

ఫుల్‌ఫ్రేమ్ (35 ఎం.ఎం. ఫిల్మంత సెన్సర్ ఉండే) కెమెరాలో 1:1 దగ్గర ఎఫ్/8 (ఇది లెన్సు కంత కొలత, అంకె పెరిగేకొద్దీ కంత చిన్నదవుతుంది) పెడితే ఫోకస్‌లో ఉండే మందం సుమారు 1 మిల్లీమీటరు. తేనెటీగ తల కూడా అందులో పట్టదు. ఎఫ్/22 పెట్టేస్తే పోలా అంటారా? మొదట్లో నేనూ ఆ పనే చేశాను. లోతు పెరిగింది కానీ, కంటి మీది నూగు కాస్తా అలికేసినట్టయింది. కంత మరీ చిన్నదైతే వెలుతురు అంచుల దగ్గర వంగి చెదిరిపోతుంది, దాన్నే డిఫ్రాక్షన్ అంటారు. పైగా 1:1లో లెన్సు మీద ఎఫ్/8 అని ఉన్నా, సెన్సర్‌కి చేరే వెలుతురు ఎఫ్/16 అంతే. అందుకే ఎఫ్/8, ఎఫ్/11 దాటకండి.

ఉన్న ఆ ఒక్క మిల్లీమీటరును పురుగు కంటికే ఇవ్వాలి. కాళ్లు, రెక్కలు మసకైనా చెల్లుతుంది, కన్ను మసకైతే చెల్లదు. రెక్కలు మూసుకున్న సీతాకోకచిలుక అయితే మాత్రం పక్కకు వచ్చి, కెమెరా వీపు రెక్కకు సమాంతరంగా ఉండేలా పట్టండి. రెక్క మొత్తం అదే మిల్లీమీటరులో ఇమిడిపోతుంది.

ఇక అసలు పని. ఆటోఫోకస్ ఆపేయండి. ఫోకస్ రింగును 1:1 దగ్గర పెట్టి, ఇక ముట్టుకోకండి. మోకాలు నేలకానించి, మోచేతులు డొక్కలకు అదిమి, ఒళ్లంతా వెంట్రుకవాసి ముందుకూ వెనక్కీ ఊగండి. వ్యూఫైండర్‌లో కన్ను తళుక్కుమనగానే వరసగా నాలుగైదు క్లిక్కులు. షటర్ వేగం 1/250 సెకనుకి తగ్గొద్దు. ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుతురును పట్టే చురుకు) 1600కి పోయినా టెన్షన్ పడకండి, నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) తర్వాత తగ్గించొచ్చు. చెయ్యి కదిలిన ఫొటోను ఏం చేస్తాం!

సాధనకు పొద్దున్నే మంచి వేళ. ఒంట్లోకి వేడి ఎక్కేదాకా తూనీగలు ఎగరలేవు. మంచు బొట్లతో కొమ్మకు అతుక్కుపోయిన ఓ తూనీగ నాకు పావుగంట సమయం ఇచ్చింది. అరవై ఫొటోల్లో పనికొచ్చినవి రెండు. మిగతావాటిలో ముందు కాలి వెంట్రుకలు మహా స్పష్టంగా ఉన్నాయి! చివరికి ఎండ వచ్చింది, నేను కాస్త జరిగాను, నా నీడ మీద పడగానే తుర్రుమంది. కాబట్టి సూర్యుడు ఎటున్నాడో చూసుకుని కూర్చోండి.

పువ్వులకు ఈ భయం లేదు, గాలితోనే పేచీ. పక్కన పుల్ల గుచ్చి, బట్టల క్లిప్పుతో కాడను దానికి పట్టించండి, క్లిప్పు ఫ్రేములో పడకుండా.

ఈ వారం హోంవర్క్: ఒకే చీమను యాభై సార్లు తీయండి. కన్ను స్పష్టంగా వచ్చినవి ఎన్నో లెక్కపెట్టి రాసుకోండి. నాలుగో పాఠంలో ఫ్లాష్ పని పడుతుంది, పల్చటి తెల్ల కాగితం ఒకటి దగ్గర పెట్టుకోండి.