ఆవాకులో గ్లూకోసినోలేట్లు (ఆవఘాటుకు మూలమైన పదార్థాలు) కొలిచే ముందు జాగ్రత్తలు

• ఆకు తెంపగానే ద్రవ నైట్రోజన్‌లో వేయండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఆకు నలిగిందంటే అందులోని మైరోసినేజ్ ఎంజైమ్ గ్లూకోసినోలేట్లను విరగ్గొట్టడం మొదలుపెట్టేస్తుంది. ముక్కుకు ఆవఘాటు తగిలిందంటే, మీరు కొలవాల్సింది అప్పటికే విరిగిపోతోందన్నమాట.

• ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల్లో ఉంటుంది. గాలి ఆడే గది, ఫేస్ షీల్డ్, చలిని తట్టుకునే గ్లౌజులు తప్పనిసరి. డబ్బా మూత బిగించొద్దు, పేలుతుంది.

• నూరేటప్పుడు గడ్డకట్టిన పొడి కరగకూడదు. ఆ పొడిలో కలపడానికి 70 శాతం మిథనాల్‌ను ముందే 70 డిగ్రీలకు వేడిచేసి ఉంచుకోండి. ఎంజైమ్‌ను ఆపేది ఆ వేడే. మిథనాల్ విషం, పైగా ఇట్టే అంటుకుంటుంది. ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిరిని బయటికి లాగే అర), వాటర్ బాత్ (వేడినీటి తొట్టి) మీదే వేడిచేయాలి.

• ఆవాకులో సినిగ్రిన్ అనే గ్లూకోసినోలేట్ సహజంగానే ఉంటుంది. దాన్ని ఇంటర్నల్ స్టాండర్డ్‌గా (పోలిక కోసం తెలిసిన మోతాదులో కలిపే పదార్థంగా) వాడితే లెక్క తప్పుతుంది, గ్లూకోట్రోపియోలిన్ అనే మరో గ్లూకోసినోలేట్ నయం.

• లేతాకు, ముదురాకు, పురుగు కొరికిన ఆకు కలిపేయకండి.