శ్రీసిటీలో ఉద్యోగం: కాపురం ఏ ఊళ్ళో పెట్టాలి?

శ్రీసిటీలో ఉద్యోగం వచ్చిందనగానే చాలామంది మొదట అడిగేది సూళ్లూరుపేటలో బాడుగలు ఎంతున్నాయని. అడగాల్సిన వరుస అది కాదు. ముందు కంపెనీ బస్సు, తర్వాత షిఫ్టు, ఆ తర్వాత పిల్లల తరగతి, నీళ్ళు. బాడుగ చివర. బాడుగలో మిగిలిన వెయ్యి రూపాయలు పెట్రోల్లోనో, నిద్రలోనో, కాలేజీ సీటుకు పిల్లలకు కావాల్సిన లోకల్ సర్టిఫికెట్లోనో తిరిగి కట్టుకోవాల్సే వస్తుంది.

శ్రీసిటీ ఊరు కాదు. చెన్నైకి ఉత్తరాన సుమారు 55 కిలోమీటర్ల దూరంలో, తడ దగ్గర జాతీయ రహదారికి పడమటి పక్కన వేల ఎకరాల్లో పరచుకున్న పారిశ్రామికవాడ. లోపల కొన్ని హాస్టళ్ళు, ఇళ్ళు ఉన్నా, పిల్లాజెల్లాతో వచ్చేవాళ్ళు ఎక్కువగా చూసేది బయటి ఊళ్ళే: తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, సత్యవేడు, వరదయ్యపాళెం, హద్దు దాటితే తమిళనాడులోని గుమ్మిడిపూండి. తిరుపతి నుంచి, శ్రీకాళహస్తి నుంచి, చెన్నై నుంచి రోజూ వచ్చిపోయేవాళ్ళూ ఉన్నారు.

జాయినింగ్ తేదీకి ముందే హెచ్ఆర్‌కి ఫోన్ చేసి నాలుగు సంగతులు రాసుకోండి. బస్సు ఏయే ఊళ్ళకు వెళ్తుంది, ఆ ఊళ్ళో స్టాపు కచ్చితంగా ఎక్కడ? ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మూడు షిఫ్టులకూ ఆ రూటులో బస్సు ఉందా, జనరల్ షిఫ్టుకేనా? కాంట్రాక్టు వాళ్ళను, ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళను ఎక్కనిస్తారా? ఓవర్‌టైం చేసి బస్సు తప్పిపోతే ఎలా? మన ఊరికి బస్సుందని విని ఇల్లు తీసుకున్నాక, అది జనరల్ షిఫ్టు బస్సేనని తేలడం ఇక్కడ అందరూ చేసే మొదటి తప్పు. రెండో తప్పు, స్టాపు హైవే మీద ఉంటే ఇల్లు రెండు కిలోమీటర్లు లోపల తీసుకోవడం. తెల్లవారుజామున ఐదింటికి ఆ రెండు కిలోమీటర్లకు ఆటో దొరకదు.

సొంత బండి మీద వెళ్తాననుకుంటే ముందు కాగితం మీద లెక్క వేయండి. ఇంటి నుంచి ప్లాంటు గేటు దాకా 25 కిలోమీటర్లయితే రోజుకు 50, నెలకు 26 రోజులకు 1,300 కిలోమీటర్లు. స్కూటర్ లీటరుకు 50 ఇస్తే 26 లీటర్లు. ఆంధ్రలో లీటరు సుమారు 110 వేసుకుంటే 2,860 రూపాయలు. సర్వీసింగు, టైర్లు దీనికి అదనం. శ్రీసిటీ మెయిన్ గేటు నుంచి మీ ప్లాంటు దాకా కూడా కొన్ని కిలోమీటర్లు ఉండొచ్చు, ఫోన్ మ్యాపులో గేటు పెట్టకుండా ప్లాంటు పెట్టి కొలవండి. హైవే మీద రాత్రి లారీల మధ్య స్కూటర్ నడపడం ఎవరికి వారు ఆలోచించుకోవాల్సిన విషయం. సి షిఫ్టు, అంటే రాత్రి షిఫ్టు, దిగి నిద్రకళ్ళతో వచ్చేవాళ్ళకు మాత్రం బస్సే మేలు.

ఇక ఊళ్ళ సంగతి. ఉద్యోగి ఒక్కడే వస్తే తడ చాలు. ప్లాంటుకు దగ్గర, రైల్వే స్టేషన్ ఉంది, మెస్సులు, హాస్టళ్ళు దొరుకుతాయి. కానీ కుటుంబానికి కావలసిన బజారు, బడులు, పిల్లల డాక్టరు కోసం చివరికి సూళ్లూరుపేటకో గుమ్మిడిపూండికో పరుగెత్తాలి.

సూళ్లూరుపేటకు ఎక్కువమంది మొగ్గడానికి కారణం శ్రీహరికోటలోని రాకెట్ కేంద్రం షార్. శ్రీహరికోట ఉద్యోగులు ఎన్నో ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నారు కాబట్టి నెల జీతగాళ్ళకు పనికొచ్చే బడులు, ట్యూషన్లు, క్లినిక్కులు ముందే ఏర్పడ్డాయి. చెన్నై లోకల్ రైళ్ళు కొన్ని ఇక్కడిదాకా వస్తాయి. కొన్నే అన్న మాట మరచిపోవద్దు. గుమ్మిడిపూండి దాకా ఉన్నన్ని రైళ్ళు దాని పైకి లేవు, కాబట్టి టైంటేబుల్ చూడకుండా రైలు మీద ఆధారపడొద్దు. ఊరికి రెండు ఇబ్బందులున్నాయి. తూర్పున పులికాట్ సరస్సు ఉంది, అది ఉప్పునీటి సరస్సు, అటు పోయేకొద్దీ బోరు నీళ్ళ మీద అనుమానం పెట్టుకోవాల్సిందే. రెండోది కాళంగి నది. ఈ ప్రాంతానికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు ఈ తీరాన్నంతా ముంచెత్తింది. వేసవిలో ఇల్లు చూసేవాడికి వీధి పల్లమో మెరకో తెలియదు. ప్రహరీ గోడ కింద, పాత ఇళ్ళ తలుపు చెక్కల మీద నీళ్ళు నిలిచిన గీత ఉందేమో చూడండి. ఇంటాయన్ని అడక్కండి, ఎదురు వరసలో కిరాణా కొట్టాయన్ని అడగండి. బియ్యం మూటలు అతను ఎంత ఎత్తులో పెట్టుకున్నాడో చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

నాయుడుపేట తడకు దూరం, సూళ్లూరుపేట దాటి ఇంకా ఉత్తరానికి పోవాలి. కానీ తిరుపతి రోడ్డు హైవేలో కలిసేది ఇక్కడే. ఇంట్లో ఒకరికి శ్రీసిటీలో, మరొకరికి శ్రీకాళహస్తి, తిరుపతి వైపు ఉద్యోగమైతే ఇద్దరికీ మధ్యస్థంగా ఉండే ఊరు ఇది. నెలనెలా తిరుపతి ఆసుపత్రులు స్విమ్స్‌కో రుయాకో వెళ్ళాల్సిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నా ఇదే నయం. ఒక్కరి ఉద్యోగమే అయితే రోజూ అంత దూరం దేనికని ఆలోచించండి.

సత్యవేడు, వరదయ్యపాళెం పల్లె వాతావరణం ఉన్న చిన్న ఊళ్ళు. పడమటి వైపు ప్లాంట్లకు దగ్గర, ఖర్చు తక్కువ. సత్యవేడు వాళ్ళకు తమిళనాడులోని ఊత్తుకోట బజారు చేతికందే దూరం, తెలుగులో తమిళం కలిసిపోయి ఉంటుంది. పెద్ద కాలేజీ, స్పెషలిస్టు డాక్టరు కావాలంటే ప్రయాణం తప్పదు. పిల్లలు ఐదో తరగతి లోపు ఉన్నవాళ్ళకు ఇబ్బంది లేదు.

గుమ్మిడిపూండి గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, నష్టపోయేది అక్కడే ఎక్కువ. చెన్నై లోకల్ రైళ్ళు చాలా ఉన్నాయి, పెట్రోలు ఆంధ్ర కంటే చవక, కరెంటు బిల్లు రెండు నెలలకోసారి, అందులో మొదటి 100 యూనిట్లు ఉచితం. ఇవి చూసి ఇల్లు మార్చేస్తారు. పిల్లల చదువు సంగతి తొమ్మిదో తరగతికి వచ్చాక గుర్తొస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్ లాంటి ప్రవేశాల్లో 85 శాతం సీట్లు లోకల్ అభ్యర్థులకు. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్ళు, అంటే మామూలుగా తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు, ఏ ప్రాంతానికి లోకల్ అనిపించుకోవాలో ఆ ప్రాంతంలో చదివి ఉండటం ప్రధాన దారి. ఆ నాలుగేళ్ళు గుమ్మిడిపూండిలో గడిస్తే, పుట్టి పెరిగింది నెల్లూరైనా, మిగిలిన 15 శాతంలో పోటీ పడాల్సిన పరిస్థితి రావచ్చు. ప్రభుత్వ ఉద్యోగాలకు కూడా బడి చదువు ఎక్కడ సాగిందో చూస్తారు, అందుకే స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. పైగా తమిళనాడు బడుల్లో 2006 చట్టం వచ్చాక తమిళం తప్పనిసరి. ఒకటో తరగతి పిల్లకు అది పెద్ద సమస్య కాదు, ఏడో తరగతి పిల్లవాడికి కొండంత. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళు ఇదే లెక్క తెలంగాణ వైపు నుంచీ వేసుకోవాలి. అక్కడి మెడికల్ సీట్లకు కూడా ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్ళు అక్కడే చదివి ఉండాలన్న నిబంధన ఉంది. పిల్లలు ఎనిమిదో తరగతి దాటితే కుటుంబాన్ని ఉన్నచోటే ఉంచి, ఇంటర్ అయ్యేదాకా ఉద్యోగి ఒక్కడే తడలో ఉండటం కష్టమే అయినా చాలాసార్లు సరైన పని.

బండి విషయం కూడా ఇక్కడే. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి బండి ఉంచితే మోటారు వాహనాల చట్టం ప్రకారం పాత ఆర్టీవో దగ్గర ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చి, కొత్త రాష్ట్రంలో రిజిస్టర్ చేయించి పన్ను కట్టాలి. కారుకు ఇది చిన్న మొత్తం కాదు. ఇది గుమ్మిడిపూండికి మారే ఆంధ్రావాళ్ళకూ వర్తిస్తుంది, తెలంగాణ బండితో సూళ్లూరుపేటకు వచ్చేవాళ్ళకూ వర్తిస్తుంది.

ఊరు తేల్చుకున్నాక ఇల్లు. షిఫ్టు ఉద్యోగి ఇల్లు చూడాల్సిన వేళ సాయంత్రం కాదు, పగలు పదకొండు నుంచి మూడు మధ్య. సి షిఫ్టు చేసి వచ్చినవాడు పడుకునేది అప్పుడే. పడకగదిలో కిటికీ మూసి పది నిమిషాలు ఊరికే కూర్చోండి. వీధి చివర కల్యాణ మండపం ఉందా, బడి ఉందా, గుడి మైకు ఎటు తిరిగి ఉంది, రైలు కూత ఎంత దగ్గరగా వినిపిస్తోంది, అన్నీ ఆ పది నిమిషాల్లో తెలుస్తాయి. పై అంతస్తు ఇల్లయితే చెయ్యి చాపి శ్లాబును తాకి చూడండి, అందకపోతే గోడ పైభాగాన్ని తాకండి. మధ్యాహ్నం రెండింటికి అది వేడిగా ఉంటే మే నెలలో ఆ గదిలో పగటి నిద్ర పట్టదు. బాడుగ కాస్త ఎక్కువైనా కింది అంతస్తు, లేదా మీ పైన ఇంకో మిద్దె ఉన్న ఇల్లు తీసుకోండి.

నీళ్ళకు మూడు పరీక్షలు. ఒకటి, నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. బోరు నీళ్ళలో 500 లోపు చూపిస్తే హాయి. మరో దారి లేనప్పుడు 2,000 దాకా తాగునీటి ప్రమాణాలు ఒప్పుకుంటాయి, అంతకు మించితే ఆ ఇల్లు వదిలేయండి. రెండు, సీసాలో సగం నీళ్ళు పోసి గోరంత ఒంటిసబ్బు వేసి బాగా ఆడించండి. నురగ నిలబడాలి. నురగ రాకుండా విరిగిన పాలలా తెల్లటి తరకలు తేలితే సున్నం ఎక్కువున్నట్టు. మూడు, స్నానాల గదిలో కుళాయి మూతిని చూడండి. తెల్లగా పెచ్చు కట్టి, గోటితో గీకితే పొడి రాలుతుంటే, ఆ నీళ్ళలో కందిపప్పు ఒక పట్టాన ఉడకదు, గీజరు కాయిలూ త్వరగా పోతుంది. తాగడానికి ఇరవై లీటర్ల క్యాను ఎలాగూ కొంటారు, వంటకు కూడా క్యానే వాడాల్సి వస్తుందా అన్నది పక్క పోర్షన్ ఆవిడను అడిగి తెలుసుకోండి. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన నలుగురికి 540 లీటర్లు కావాలి. మూడు పోర్షన్లకు కలిపి వెయ్యి లీటర్ల ట్యాంకు ఒకటే ఉంటే, మోటారు ఎవరు వేయాలన్న దాని మీదే రోజూ గొడవ.

కరెంటు మీటరు మీద సర్వీసు నంబరు ఫోటో తీసుకోండి. ఆంధ్ర వైపు కరెంటు సంస్థ ఎస్‌పీడీసీఎల్ సైట్‌లో ఆ నంబరు కొడితే పాత బిల్లులు, బకాయిలు కనిపిస్తాయి. ఒకే మీటరు మీద రెండు కుటుంబాలుంటే ఒప్పుకోవద్దు. యూనిట్లు పెరిగేకొద్దీ స్లాబు రేటు పెరుగుతుంది, ఇద్దరి వాడకం కలిసి పై స్లాబులో పడుతుంది, సబ్ మీటరు పెట్టినా ఆ భారం తప్పదు.

రాత్రి ఒకసారి రండి. బి షిఫ్టు, అంటే మధ్యాహ్నం షిఫ్టు, బస్సు పదకొండు ప్రాంతంలో దించుతుంది. ఆ స్టాపు నుంచి ఇంటి దాకా అదే వేళకు నడవండి. ఇంట్లో ఆడవాళ్ళు షిఫ్టుకు వెళ్ళేవాళ్ళయితే ఈ నడక తప్పనిసరి. వీధి దీపాలు, కుక్కలు, మూసేసిన షట్టర్ల ముందు మందు సిట్టింగులు పగలు కనిపించవు. దారిలో మెడికల్ షాపు తెరిచి ఉంటే, అర్ధరాత్రి పిల్లవాడికి జ్వరం వస్తే జనం ఏ ఆసుపత్రికి పోతారని అడగండి. ఊళ్ళో బోర్డులెన్నున్నా, ఆ వేళకు తలుపు తీసేది ఏదో అతనికి తెలుసు. జీతం నెలకు 21,000 లోపైతే ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) కిందికి వస్తారు, డిస్పెన్సరీని మీరుండే ఊరికి దగ్గర్లోది పెట్టించుకోండి. కుటుంబం సొంతూళ్ళోనే ఉంటే వాళ్ళకు అక్కడి డిస్పెన్సరీ విడిగా పెట్టించవచ్చు. అంతకు మించిన జీతమైతే కంపెనీ ఇన్సూరెన్సులో నెల్లూరు, తిరుపతి, చెన్నై ఆసుపత్రుల్లో క్యాష్‌లెస్ ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోవాలి.

అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకు రాసుకుంటారు. అందులో నాలుగు విషయాలు అక్షరాల్లో ఉండాలి: అడ్వాన్సు ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, సున్నం ఖర్చు ఎవరిది, నోటీసు ఎన్ని నెలలు. తమిళనాడు వైపు అడ్వాన్సులు ఎక్కువ అడుగుతారు. అక్కడి 2017 అద్దె చట్టం, ఒప్పందంలో వేరేలా రాసుకుంటే తప్ప, మూడు నెలల అద్దెకు మించొద్దంటుంది. సంతకం పెట్టే కాగితంలో ఆ "వేరేలా" ఉందేమో చదవండి.

ప్రొబేషన్ ఆరు నెలలైతే మొదటి రెండు మూడు నెలలు హాస్టల్లో ఉండి, కుటుంబాన్ని తర్వాత తీసుకురండి. షిఫ్టు పడుతుందో లేదో, బస్సు నిజంగా వస్తుందో లేదో ఆలోపు తేలుతుంది. డిసెంబరులో జాయినైతే ఇంకా మంచిది, ఏ వీధిలో నీళ్ళు నిలిచాయో కళ్ళారా చూసి ఏప్రిల్‌లో ఇల్లు పట్టుకోవచ్చు, జూన్‌లో బడులు తెరిచేలోపు సామాను దించవచ్చు.